వినికిడి పరీక్ష బస్తీకే వస్తే: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఆడియాలజిస్టుని. వారంలో రెండు మూడు రోజులు బ్యాగు భుజాన వేసుకుని బస్తీలకి, సర్కారు బడులకి, చిన్న కార్ఖానాలకి వెళ్లి వినికిడి పరీక్షలు చేస్తుంటాను. బ్యాగులో వినికిడిని ఆటోమేటిక్‌గా కొలిచే ఒక ట్యాబ్, చెవులని పూర్తిగా కప్పే మందపాటి హెడ్‌ఫోన్, చెవి లోపలికి చూసే ఓటోస్కోపు, ఒక రిజిస్టరు ఉంటాయి. వెళ్లిన ప్రతిచోటా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. అమ్మలు, టీచర్లు, ఆశా కార్యకర్తలు, సూపర్‌వైజర్లు అడిగినవాటికి నేను చెప్పే జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

ఈ పరీక్ష ఎలా ఉంటుంది? నొప్పి ఉంటుందా?

నొప్పి ఏమీ ఉండదు. సూది లేదు, మందు లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటారు. సన్నగా బీప్ వినిపిస్తుంది. వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి, లేదా చెయ్యి ఎత్తాలి. ముందు ఒక చెవికి, తర్వాత రెండో చెవికి చేస్తాం. హెడ్‌ఫోన్‌లో ఎర్ర రంగు వైపు కుడి చెవికి, నీలం వైపు ఎడమ చెవికి పెట్టాలి. ప్రపంచంలో ఎక్కడికి వెళ్లినా ఈ రంగులే.

పెట్టుకునే ముందు కళ్లద్దాలు, చెవి కమ్మలు తీసేయాలి. ఇక్కడే మాకు ఎక్కువ టైం పడుతుంది. పెళ్లినాడు పెట్టిన కమ్మలు ముప్పై ఏళ్లుగా తీయలేదనే పెద్దమ్మలు ఉంటారు. కమ్మ అడ్డొస్తే హెడ్‌ఫోన్‌కీ చెవికీ మధ్య సందు మిగులుతుంది. ఆ సందులోంచి బయటి చప్పుడు లోపలికి వస్తుంది, బీప్ బయటికి పోతుంది. అందుకే తీసిన కమ్మలు వాళ్ల కళ్లముందే చిన్న డబ్బాలో వేసి వాళ్ల ఒళ్లోనే పెడతాను. తలకి స్కార్ఫ్ కట్టుకున్నవాళ్లు ఉంటారు కాబట్టి పరీక్ష చేసే చోట ఒక పరదా, పక్కన ఒక ఆడమనిషి తప్పనిసరిగా ఉండాలి. ఈ ఏర్పాటు లేక పరీక్ష చేయించుకోకుండానే వెళ్లిపోయిన ఆడవాళ్లని చూశాను.

ఆటోమేటిక్ అంటే మిషన్ తనంతట తానే చేసేస్తుందా?

బీప్ ఎంత గట్టిగా ఇవ్వాలి, తర్వాత పెంచాలా తగ్గించాలా అన్నది మిషన్ చూసుకుంటుంది. పద్ధతి చాలా సాదాది. వినపడింది అని నొక్కితే 10 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) తగ్గిస్తుంది. వినపడకపోతే 5 పెంచుతుంది. ఇలా దిగుతూ ఎక్కుతూ, మీకు అందే అతి చిన్న శబ్దం ఎక్కడుందో పట్టుకుంటుంది. ఒకే మెట్టు దగ్గర మళ్లీ మళ్లీ మీరు నొక్కితే దాన్ని రాసుకుని తర్వాతి స్వరానికి వెళ్తుంది. ఆస్పత్రి గదిలో కూర్చుని మేం చేత్తో చేసేది కూడా ఇదే. ఆ పద్ధతికి ఇప్పుడున్న రూపం 1959లో వచ్చింది.

మిషన్‌తో చేయించడం కూడా కొత్త ఆలోచన కాదు. లోపలి చెవి ఎలా పనిచేస్తుందో కనిపెట్టి 1961లో నోబెల్ అందుకున్న బెకెషీ అనే శాస్త్రవేత్త, 1947లోనే తనంతట తాను నడిచే ఆడియోమీటర్ (వినికిడిని కొలిచే యంత్రం) చేశాడు. ఇప్పుడు మారిందల్లా సైజు, ధర. అప్పట్లో బల్ల మీద పట్టనిది ఇప్పుడు బ్యాగులో పడుతోంది. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా విశ్వవిద్యాలయం వాళ్లు మొబైల్‌తో నడిచే స్క్రీనింగ్ (లోపం ఉందేమో అని చూసే తొలి పరీక్ష) మీద ఎంతో పని చేశారు. ఆ దేశం నుంచే ‘కూడూవేవ్’, కెనడా నుంచి ‘షూబాక్స్’ లాంటి పరికరాలు వచ్చాయి.

మిషన్‌లో ఒక మంచి గుణం ఉంది. మనిషి చేసేటప్పుడు మొహంలో తెలిసిపోతుంది. పిల్లలైతే మన కళ్లు చూసి, మన వేలు బటన్ మీదికి వెళ్లడం చూసి చెయ్యి ఎత్తేస్తారు. మిషన్‌కి మొహం లేదు. బీప్‌కీ బీప్‌కీ మధ్య గ్యాప్ మార్చుతూ ఉంటుంది, మధ్యలో శబ్దమే ఇవ్వకుండా ఊరుకుంటుంది. ఆ నిశ్శబ్దంలో కూడా నొక్కారంటే లెక్క పెట్టుకుంటుంది. అలాంటివి ఎక్కువైతే రిపోర్టులో ‘నమ్మదగినది కాదు’ అని వస్తుంది.

కానీ పరీక్ష మధ్యలో నాయనమ్మకి నిద్ర పట్టేసిందనీ, పిల్లాడు హెడ్‌ఫోన్ వెనకకి జరుపుకున్నాడనీ మిషన్‌కి తెలియదు. అందుకే పక్కన మనిషి ఉండి తీరాలి.

సౌండ్‌ప్రూఫ్ గది లేకుండా చేసిన పరీక్షని ఎలా నమ్మాలి?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇదే, అడిగేవాళ్లు మాత్రం తక్కువ. నా పని సగం దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆరోగ్యంగా ఉన్న చెవికి అందే అతి చిన్న శబ్దం ఎంత చిన్నదంటే, మామూలు గదిలో ఫ్యాన్ చప్పుడు దాన్ని పూర్తిగా మింగేస్తుంది. చుట్టూ చప్పుడు ఉంటే బాగా వినేవాళ్లకి కూడా బీప్ వినపడదు, లేని లోపం ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. అందుకే ఆస్పత్రుల్లో గోడలకి మెత్తలు వేసిన గది కడతారు. ఆ గదిని బస్తీకి మోసుకెళ్లలేం కాబట్టి, ఈ పరికరాలు దాని పనిలో కొంత చెవి దగ్గరే చేసి పెడతాయి. కొన్నింటిలో చెవి రంధ్రంలోకి స్పాంజి గొట్టం పెట్టి, దాని మీద పెద్ద కప్పు బిగిస్తారు. అంటే రెండు తలుపులు వేసినట్టు. కొన్నింటిలో మైకు ఉండి బయటి చప్పుడు ఎంతుందో కొలుస్తూ ఉంటుంది. చప్పుడు హద్దు దాటగానే పరీక్ష ఆగిపోతుంది, తగ్గాక మళ్లీ మొదలవుతుంది.

ఇన్ని ఉన్నా హైదరాబాద్‌లో నిశ్శబ్దం దొరకడం కష్టం. ఒక సర్కారు బడిలో లైబ్రరీ గది ఇచ్చారు. పుస్తకాల అల్మారాలు, మందపాటి పాత గోడలు చూసి సంతోషపడ్డాను. మొదలుపెట్టిన అరగంటకి పక్క గదిలో మధ్యాహ్న భోజనం గిన్నెలు దించడం మొదలైంది. ప్రతి గిన్నె చప్పుడుకీ ట్యాబ్ మీద ఎర్ర గీత లేచేది, పరీక్ష ఆగేది. కుర్చీలో కూర్చున్న ఆరో తరగతి పాప బటన్ మీద వేలు పెట్టుకుని, ఊపిరి కూడా బిగబట్టి ఎదురుచూస్తోంది. మూడు నిమిషాల పని పన్నెండు నిమిషాలైంది. మర్నాడు పొద్దున్నే, ప్రార్థన అవ్వగానే వచ్చి మిగతావాళ్లకి చేశాం.

అందుకే ఇప్పుడు ముందు రోజే వెళ్లి గది చూసుకుంటాను. మెయిన్ రోడ్డు వైపు కిటికీ ఉన్న గది వద్దంటాను. ఫ్యాన్ ఆపించేస్తాను. ఏప్రిల్, మే నెలల్లో అది ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు, అందుకే ఎండాకాలం క్యాంపులు పొద్దున ఏడింటికే పెడతాం. పక్కింట్లో మోటారు ఎప్పుడు వేస్తారు, అజాన్ ఎప్పుడు, ఎదురుగా ఏదైనా ఇల్లు కడుతున్నారా అని కనుక్కుంటాం. వినాయక నవరాత్రుల్లో, బోనాల ఆదివారాల్లో క్యాంపు పెట్టం.

ఇంకో మాట. ఫ్యాన్లు, బండ్లు, మోటార్లు చేసేది ఎక్కువగా బొంగురు చప్పుడు. అది ముందు చెడగొట్టేది 500 హెర్ట్జ్ (స్వరం ఎంత కీచుగా, ఎంత బొంగురుగా ఉందో చెప్పే కొలత) లాంటి కింది స్వరాల పరీక్షనే. అందుకే క్యాంపుల్లో చాలావరకు 1000, 2000, 4000 హెర్ట్జ్ మాత్రమే చూస్తాం. దానివల్ల ఒక నష్టం ఉంది. జలుబు చేసి కర్ణభేరి వెనక నీరు చేరిన పిల్లలకి తరచుగా కింది స్వరాలే ముందు తగ్గుతాయి. మూడు స్వరాలూ పాసైనా, టీవీ సౌండు పెంచమంటున్నాడు, పిలిస్తే పలకట్లేదు అని ఇంట్లోవాళ్లు చెప్తే నేను ఇంట్లోవాళ్ల మాటే వింటాను. ఆస్పత్రికి పంపిస్తాను.

సౌండ్‌ప్రూఫ్ గదిలో చేసినదానికీ దీనికీ ఫలితంలో ఎంత తేడా వస్తుంది?

గది ప్రశాంతంగా ఉండి, హెడ్‌ఫోన్ సరిగా కూర్చుని, మనిషి మనసు పెట్టి చేస్తే పెద్ద తేడా రాదు. ఒకే మనిషికి ఒకే గదిలో మేమే రెండుసార్లు చేసినా 5 డెసిబెల్స్ అటూ ఇటూ అవుతుంది. మంచి ఆటోమేటిక్ పరికరాల తేడా పెద్దవాళ్లలో దాదాపు ఆ హద్దులోనే ఉంటుంది. చిన్న పిల్లలు, మతిమరుపు ఉన్న పెద్దలు, బాగా అలసిపోయినవాళ్ల విషయంలో మాత్రం మిషన్ ఫలితాన్ని నేను జాగ్రత్తగా చూస్తాను.

రిపోర్టులో ‘రెఫర్’ అని వచ్చింది. అంటే చెవుడు వచ్చినట్టేనా?

కాదు. ‘ఇంకోసారి సరిగా చూడాలి’ అని మాత్రమే దాని అర్థం. గులిమి అడ్డుపడినా, జలుబున్నా, చప్పుడు ఎక్కువున్నా, బటన్ సంగతి అర్థం కాకపోయినా రెఫర్ వస్తుంది. మేం అక్కడే హెడ్‌ఫోన్ తీసి, మళ్లీ చెప్పి, రెండోసారి చేస్తాం. చాలామంది రెండోసారి పాసవుతారు.

‘ఫెయిల్’ అనే మాట నేను వాడను, టీచర్లని కూడా వాడొద్దని బతిమాలుతాను. ఒక బడిలో పిల్లల పేర్లు బోర్డు మీద పాస్, ఫెయిల్ అని రెండు వరసల్లో రాశారు. మంచి ఉద్దేశంతోనే రాశారు. మధ్యాహ్నానికల్లా రెండో వరసలో ఉన్న ఒక బాబుని పిల్లలు ‘చెవిటోడా’ అని పిలుస్తున్నారు. వాడి చెవిలో ఉన్నది గులిమి ముద్ద, అంతే. వాడు తర్వాతి పరీక్షకి రాలేదు.

చెవిలో గులిమి ఉంటే? చీము కారుతుంటే?

పరీక్షకి ముందు చెవి లోపల చూడాలి. ఇది మానేసి నేరుగా హెడ్‌ఫోన్ పెట్టే క్యాంపులు సగం పనే చేస్తున్నట్టు. గులిమి దారి మూసేస్తే తీయించుకున్నాక పరీక్ష చేయాలి. చీము కారే చెవికి హెడ్‌ఫోన్ పెట్టం, అది మరొకరికి అంటుతుంది. వాళ్లని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపిస్తాం.

ఏళ్ల తరబడి చెవి కారుతున్నా ‘చిన్నప్పటి నుంచి ఉన్నదే’ అని వదిలేసేవాళ్లు మన దగ్గర చాలామంది. అది ఉన్నదే అని వదిలేసే జబ్బు కాదు. కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు, లోపలి ఎముకలని తినేయొచ్చు, అరుదుగా మెదడు దాకా పోవచ్చు. మందులతో, ఆపరేషన్‌తో బాగయ్యే రకం వినికిడి లోపం ఇది. వేడి చేసిన నూనె, వెల్లుల్లి, అగ్గిపుల్ల, పిన్నీసు, రోడ్డు పక్కన చెవులు శుభ్రం చేసేవాళ్ల కడ్డీ ఇవేవీ చెవిలోకి పోకూడదు. చిల్లున్న చెవిలో నూనె పోస్తే లోపలికి పోయి కూర్చుంటుంది.

ఫోన్‌లో యాప్ ఉంది కదా, ఇంట్లోనే చేసుకోవచ్చా?

ఒక అంచనాకి చేసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘హియర్ డబ్ల్యూహెచ్ఓ’ అనే ఉచిత యాప్ తెచ్చింది. అందులో బీప్‌లు ఉండవు. గాలి హోరులాంటి చప్పుడు మధ్యలో మూడేసి అంకెలు చదువుతుంది, విన్నవి నొక్కాలి. ఈ పద్ధతి నెదర్లాండ్స్‌లో మామూలు టెలిఫోన్ మీద మొదలైంది. దీని తెలివంతా ఒకచోటే ఉంది. ఇది కొలిచేది చప్పుడు కంటే అంకె ఎంత ఎక్కువగా ఉంటే మీకు అందుతోంది అన్న తేడాని. ఆ రెండూ ఒకే ఇయర్‌ఫోన్‌లోంచి వస్తాయి కాబట్టి ఇయర్‌ఫోన్ ఏ కంపెనీదైనా తేడా పెద్దగా మారదు.

బీప్‌లతో కొలిచే యాప్‌ల సంగతి వేరు. మీ ఇయర్‌ఫోన్ ఎంత శబ్దం ఇస్తుందో ఆ యాప్‌కి తెలియదు. తెలియని తూకంరాళ్లతో తూచినట్టే అవుతుంది. అవి చూపించే డెసిబెల్ అంకెలని పట్టుకుని టెన్షన్ పడొద్దు, నిశ్చింతగానూ ఉండొద్దు.

అంకెల పరీక్షలో భాష ముఖ్యం. హైదరాబాద్‌లో ఇది ఇంకా చిక్కు. పాతబస్తీలో పెద్దావిడకి ఉర్దూ అంకెలు నోటికొస్తాయి, ఎల్బీనగర్‌లో తాతకి తెలుగువి. అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఫోన్ నంబరు మాత్రం ఇంగ్లీషు అంకెల్లోనే చెప్తారు. అందుకే నేను ముందు ‘మీ నంబరు చెప్పండి’ అంటాను. ఏ భాషలో చెప్తే ఆ భాషలో దొరికితే పరీక్ష చేస్తాను, లేకపోతే బీప్‌లకే వెళ్తాను. భాష రాకపోవడాన్ని చెవి లోపంగా రాయకూడదు.

ఇంకొకటి, ఈ అంకెల పరీక్షలో కర్ణభేరి వెనక నీరు చేరినవాళ్లు, చెవి కారేవాళ్లు కొన్నిసార్లు తప్పించుకుంటారు. హోరూ అంకే రెండూ ఒకేలా తగ్గి వినిపిస్తాయి కాబట్టి తేడా అలాగే ఉంటుంది.

ఒక చెవే వినపడదనుకోండి, మిషన్ పట్టుకుంటుందా?

స్క్రీనింగ్ పట్టుకుంటుంది. మేం ఇచ్చే చిన్న శబ్దం, పిల్లలకైతే సాధారణంగా 20 నుంచి 25 డెసిబెల్స్, పుర్రె దాటి అటువైపు చెవికి చేరదు. కాబట్టి పాడైన చెవి బయటపడుతుంది. శబ్దం పెంచుతూ పోయే పూర్తి పరీక్షలోనే చిక్కు. మామూలు హెడ్‌ఫోన్‌తో దాదాపు 40 డెసిబెల్స్ దాటాక శబ్దం ఎముకలోంచి అవతలి చెవికి పాకుతుంది. బాగున్న చెవి విని బటన్ నొక్కేస్తుంది, పాడైన చెవి ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. దానికి మందు మాస్కింగ్. బాగున్న చెవిలో హోరు పెట్టి దాన్ని పక్కకి తప్పిస్తాం. కొన్ని ఆటోమేటిక్ పరికరాలు ఇది చేస్తాయి, అన్నీ చేయవు. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఇదొకటి.

గవదబిళ్లలు వచ్చి తగ్గాక ఒక చెవి పూర్తిగా పోయిన పిల్లలు కనిపిస్తుంటారు. రెండో చెవి బాగుంటుంది కాబట్టి ఏళ్లపాటు ఎవరూ గమనించరు. ఫోన్ ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకుంటారు, పిలిస్తే తప్పు దిక్కుకి తిరుగుతారు.

పుట్టిన పాపకి చేయొచ్చా?

బటన్ నొక్కే పరీక్ష దాదాపు ఐదేళ్లు దాటాకే సాధ్యం. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకి ఆటలా చేస్తాం, బీప్ వినపడితే డబ్బాలో గోళీ వేయాలి. అది మనిషి చేయాల్సిన పని.

పసికందులకి వేరే పరీక్షలున్నాయి. ఓఏఈ అంటారు ఒకదాన్ని. ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి శబ్దం విన్నప్పుడు తిరిగి ఒక చిన్న ప్రతిధ్వని ఇస్తుంది. ఈ సంగతి 1978లో ఇంగ్లండ్‌లో డేవిడ్ కెంప్ బయటపెట్టాడు. నిద్రపోతున్న పాప చెవిలో చిన్న మొన పెట్టి ఆ ప్రతిధ్వనిని పట్టుకోవచ్చు. రెండోది బెరా, శబ్దానికి నరం, మెదడు కాండం ఎలా స్పందిస్తున్నాయో తల మీద పెట్టిన అతుకులతో చూస్తుంది. మన దేశంలోనే తయారై 2017లో విడుదలైన ‘సోహమ్’ అనే పసికందుల స్క్రీనింగ్ పరికరం ఈ రెండో పద్ధతిలోనే నడుస్తుంది. పుట్టిన మొదటి రోజు చెవిలో మైల, తడి ఉండి ఓఏఈలో చాలామంది రెఫర్ అవుతారు. కంగారు పడకుండా, కానీ మర్చిపోకుండా మళ్లీ చేయించాలి.

నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు పూర్తి నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు. ఇది ప్రపంచమంతా పాటించాలనుకునే లెక్క. మాటలు నేర్చే మెదడు ఆగి చూడదు. ‘మగపిల్లలకి మాటలు లేటుగా వస్తాయి’, ‘వాళ్ల నాన్నకి కూడా నాలుగేళ్లకే వచ్చాయి’ అని పెద్దవాళ్లు ప్రేమతోనే చెప్తారు. ఆ మాట నమ్మి నాలుగేళ్లకి నా దగ్గరికి తెచ్చిన పిల్లల్ని చూస్తే గుండె తరుక్కుపోతుంది. లోపలి చెవిలో పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉంది కానీ దానికి వయసు హద్దు ఉంది. నెలలు తక్కువై పుట్టి ఐసీయూలో ఉన్న పిల్లలు, కామెర్లు తీవ్రంగా వచ్చినవాళ్లు, మెదడువాపు వచ్చి తగ్గినవాళ్లు, మేనరికపు ఇళ్లలో ముందే ఒకరికి చెవుడున్న పిల్లలు, వీళ్లని ఓఏఈ పాసైనా వదలకుండా బెరా చేయించండి.

కార్ఖానాలో పనిచేసేవాళ్లకి ఎప్పుడు చేయాలి?

డ్యూటీ ఎక్కే ముందు. జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు వైపు యూనిట్లలో లంచ్ టైంలో చేయమని అడుగుతారు. పొద్దున్నుంచి ప్రెస్సుల మధ్య నిలబడ్డ చెవి తాత్కాలికంగా మొద్దుబారి ఉంటుంది. దాదాపు 14 గంటలు చప్పుడుకి దూరంగా ఉన్నాక చేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. చప్పుడు వల్ల చెడే చెవిలో మొదట 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. ఆ దశలో మనిషికి ఏమీ తెలియదు, అన్నీ వింటున్నాననే అంటాడు. తర్వాత స, చ, త లాంటి హల్లులు జారిపోతాయి. ‘చారు’ అంటే ‘సారు’ అని వినపడుతుంది. మాట వినపడుతోంది, అర్థం కావట్లేదు అంటాడు.

మన నిబంధనల్లో 8 గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు. చప్పుడు వల్ల వచ్చే వినికిడి లోపం చట్టం గుర్తించిన వృత్తి జబ్బుల్లో ఒకటి. పరీక్ష ఫలితం యాజమాన్యం చేతికి మాత్రమే ఇచ్చి, పనివాడికి ఇవ్వకపోవడం నాకు నచ్చదు. ఒక యూనిట్‌లో అలా అడిగితే చేయనని వచ్చేశాను. అది వాళ్ల చెవి, కాగితం వాళ్లకే ముందు చేరాలి.

ఆడియోగ్రామ్‌లో అంకెలు ఎలా చదవాలి?

ఆడియోగ్రామ్ అంటే పరీక్ష ఫలితాన్ని గీసి చూపే కాగితం. కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమకి నీలం ఇంటూ గుర్తు. గుర్తు ఎంత కిందికి ఉంటే అంత ఎక్కువ లోపం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో బాగున్న చెవి సగటు 20 డెసిబెల్స్ కంటే తక్కువుంటే మామూలే. 20 నుంచి 35 లోపు కొద్దిపాటి, 35 నుంచి 50 లోపు మధ్యస్థం, 50 నుంచి 65 లోపు మధ్యస్థం కంటే ఎక్కువ, 65 నుంచి 80 లోపు తీవ్రం, ఆపైన అతి తీవ్రం. డెసిబెల్‌ని శాతంలా చదవకండి. ‘40 వచ్చింది, అంటే 60 శాతం వినపడుతోంది’ అని లెక్కవేసుకునేవాళ్లు చాలామంది, అది తప్పు.

ఈ రిపోర్టుతో వికలాంగుల సర్టిఫికెట్ వస్తుందా?

రాదు. దానికి కేంద్ర ప్రభుత్వపు యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టుకుని, వాళ్లు చెప్పిన ఆస్పత్రిలో నిర్ధారణ పరీక్షలు చేయించుకోవాలి. 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాటల స్వరాల్లో 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి మందం, 70 ఉంటే బధిరత.

మిషన్ సరిగా పనిచేస్తోందని ఎలా తెలుసు?

ఏడాదికోసారి హెడ్‌ఫోన్‌తో సహా క్యాలిబ్రేషన్ (అంకెలు సరిగా చూపిస్తోందా అని సరిచూడటం) చేయించాలి. ట్యాబ్‌నీ హెడ్‌ఫోన్‌నీ జతగానే క్యాలిబ్రేట్ చేస్తారు, వేరే హెడ్‌ఫోన్ తగిలిస్తే అంకెలన్నీ వృథా. ఇది కాక, రోజూ మొదలుపెట్టే ముందు చేసేవాళ్లే పెట్టుకుని వినాలి.

ఈ రెండోది ఎంత అవసరమో నాకు అనుభవమే నేర్పింది. ఒకరోజు ఆలస్యమైందని వినకుండానే మొదలుపెట్టాను. వరసగా పదకొండు మంది పిల్లలకి ఎడమ చెవి రెఫర్ వచ్చింది. పదకొండో పాప హెడ్‌ఫోన్ తీసి ‘మేడం, ఇటుపక్క గరగర అంటోంది’ అంది. పెట్టుకుని చూస్తే నిజమే, తీగ కప్పు దగ్గర విరిగి ఉంది. ముందు రోజు బస్సులో బ్యాగు మీద ఎవరో కూర్చున్నప్పుడు విరిగిందేమో. పదకొండు మందికీ మళ్లీ చేశాను, వాళ్ల అమ్మలకి ఫోన్ చేసి చెప్పాను. అప్పటి నుంచి రిజిస్టరులో ప్రతి రోజు మొదటి పేరు నాదే ఉంటుంది, నా రెండు చెవుల ఫలితంతో సహా.

ఎవరు చేయొచ్చు?

స్క్రీనింగ్ వరకు నేర్పిస్తే ఆశా కార్యకర్త, టీచరు, బస్తీ దవాఖానా నర్సు ఎవరైనా చేయొచ్చు, బాగా చేస్తారు కూడా. లోపం ఏ రకం, ఎంత, ఏ వినికిడి యంత్రం పెట్టాలి అని తేల్చాల్సింది రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టరైన ఆడియాలజిస్టు, చెవి జబ్బు చూడాల్సింది ఈఎన్‌టీ డాక్టరు. ఉచిత పరీక్ష అని పిలిచి, అదే కుర్చీలో వినికిడి యంత్రం అమ్మే చోట ఆగి ఆలోచించండి. రిపోర్టు కాగితం తీసుకుని బయటికి రండి, మరోచోట చూపించండి.

ఏవి ఉంటే పరీక్షకోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి?

నిన్న బాగున్న చెవి ఇవాళ పొద్దున లేచేసరికి వినపడకపోతే ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. జలుబేమో, రెండు రోజులు చూద్దాం అనుకోకండి. కొన్ని రకాలకి మొదటి రోజుల్లోనే స్టెరాయిడ్ మందు మొదలుపెట్టాలి, వారాలు దాటితే చేసేది తక్కువ. అలాగే చెవి నొప్పితో పాటు మూతి వంకర పోయినా, తల దిమ్ముతో నిలబడలేకపోయినా, తలకి దెబ్బ తగిలి చెవిలోంచి నీరో రక్తమో వచ్చినా.

హైదరాబాద్‌లో తర్వాతి పరీక్షకి ఎక్కడికి వెళ్లాలి?

కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. గాంధీ, ఉస్మానియాల్లో ఈఎన్‌టీ విభాగాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వినికిడి, మాట రెండూ అక్కడ చూస్తారు. పొద్దున్నే వెళ్లండి, ఆధార్, ఇదివరకటి కాగితాలు, క్యాంపులో ఇచ్చిన చీటీ తీసుకెళ్లండి.

కంటి క్యాంపులు ఇన్ని జరుగుతాయి, చెవి క్యాంపులు ఎందుకు జరగవు?

2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు మన రాష్ట్రంలో ఊరూరా తిరిగింది. చదువుకునే అద్దాలు చాలామందికి అక్కడికక్కడే చేతికొచ్చాయి. పెట్టుకోగానే పేపరు కనపడింది. చెవికి అలా కుదరదు. వినికిడి యంత్రం మనిషి ఆడియోగ్రామ్‌ని బట్టి సెట్ చేయాలి, కొందరికి చెవి అచ్చు తీసి మోల్డ్ చేయాలి. పెట్టాక ఒక నెల దాకా గిన్నెల చప్పుడు, సొంత గొంతు అన్నీ వింతగా ఉంటాయి. రెండు మూడుసార్లు తిరిగి వచ్చి సరిచేయించుకోవాలి. కొన్ని జిల్లాలతో మొదలైన జాతీయ బధిరత నివారణ కార్యక్రమం ఉంది, బడి పిల్లల్ని చూసే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. ప్రపంచంలో దాదాపు 43 కోట్ల మందికి వైద్యసాయం అవసరమైనంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. చెవుడు బయటికి కనపడదు, నొప్పి పుట్టదు. ఇంట్లోవాళ్లు కొంచెం గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకుంటారు, తర్వాత మాట్లాడటమే తగ్గించేస్తారు.

ఒక అవ్వ కొడుకు నాతో అన్నాడు, ‘మా అమ్మకి అన్నీ వినపడ్తయి మేడం, కావాలనే పలకదు.’ పరీక్షలో రెండు చెవులూ 60 దగ్గర వచ్చాయి. అవ్వ నా చెయ్యి పట్టుకుని ‘చెప్పు బిడ్డా వానికి, నేను కావాలని చేస్తలేనని’ అంది. ఆ కాగితం ఆవిడకి మందు కంటే ముందు సాక్ష్యంగా పనికొచ్చింది.

మా బస్తీలో, మా బడిలో క్యాంపు పెట్టాలంటే ఏం సిద్ధం చేయాలి?

ముందు గది. తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, క్యాంపు జరిగే టైంలోనే ఒక పది నిమిషాలు అందులో కూర్చుని వినండి. గోడగడియారం టిక్ టిక్ వినపడితే ఆ గది పనికొస్తుంది. నేల మీద దుప్పటో చాపో పరవండి, కిటికీకి మందపాటి చీర కట్టండి, ప్రతిధ్వని తగ్గుతుంది. క్యూ గది బయట వద్దు, కాస్త దూరంగా ఇంకో వరండాలో పెట్టండి.

తర్వాత ఒక మనిషి కావాలి. క్యాంపు రోజుకి కాదు, ఆ తర్వాత రెండు నెలలకి. రెఫర్ అయినవాళ్ల లిస్టు పట్టుకుని ఎవరు ఆస్పత్రికి వెళ్లారు, ఎవరు వెళ్లలేదు అని ఫోన్ చేసే మనిషి. కూలి పోతుందని వెళ్లనివాళ్లు ఉంటారు, కోఠికి ఏ బస్సెక్కాలో తెలియనివాళ్లు ఉంటారు. చీటీ మీద ఆస్పత్రి పేరుతో పాటు తేదీ, బస్సు నంబరు, వెంట వచ్చేవాళ్ల పేరు కూడా రాయించండి. అలాంటి మనిషి దొరకకపోతే నాకు చెప్పండి, దొరికాకే తేదీ పెట్టుకుందాం.

ఇంకో చిన్న పని. ఇంట్లో బీరువాలో మూలపడ్డ పాత వినికిడి యంత్రాలు ఉంటే వాడేవాళ్లతో పాటు తీసుకురమ్మని చెప్పండి. చాలావాటికి సెల్ అయిపోయి ఉంటుంది, లేదా గొట్టంలో గులిమి గట్టిపడి ఉంటుంది. శుభ్రం చేసి సెల్ మారిస్తే మళ్లీ పలుకుతాయి. పెట్టుకుంటే బయటి చప్పుళ్లే ఎక్కువ వినపడుతున్నాయని పక్కన పెట్టేసినవాళ్లని, ఎక్కడ సెట్ చేయించుకున్నారో కనుక్కుని, ఆ కాగితం ఉంటే అది కూడా తెమ్మనండి.